మెకానిక్ ఇంటికి వారంటీ

ఇంకా కొనని వస్తువు ఎప్పుడు పాడవుతుందో, పాడైతే మన గతేమిటో కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పే చోటు ఎలక్ట్రికల్ సామాన్ల షోరూం ఒక్కటే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వాషింగ్ మిషన్ ఇంకా అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు, దానికి మూడో ఏట రాబోయే రోగాలన్నీ కౌంటర్ దగ్గరి అమ్మాయి ఏకరువు పెట్టేస్తోంది.

"కంపెనీ వారంటీ రెండేళ్ళేనండీ. ఆ తర్వాత మోటారు పోయినా, పంపు పోయినా, బోర్డు కాలిపోయినా ఖర్చంతా మీదే. అదే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నారనుకోండి, ఇంకో మూడేళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు. ఫోన్ చేస్తే చాలు, మెకానిక్ మీ ఇంటికొస్తాడు."

"మెకానిక్ మా ఇంట్లోనే ఉంటాడమ్మా," అన్నాడు అతను, కాస్త ఛాతీ విరుచుకుని. "నేనే."

అమ్మాయి నవ్వింది. అతని భార్య నవ్వలేదు. కుడి మణికట్టుకి ఉన్న బెల్టు బిగించుకుంటూ, "నువ్వు చెప్పమ్మా, ఇంకా ఏమున్నాయి?" అంది.

ఇంకా ఏముంటాయి, షరతులే. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, చదవక తప్పదన్నట్టు గబగబా చదివేసింది. మిషన్ వెనక రేకు మీద ఒక సీలు అంటించి ఉంటుంది. కంపెనీ మనిషి తప్ప ఇంకెవరూ దాన్ని తియ్యకూడదు. బయటివాళ్ళెవరైనా మిషన్ విప్పినట్టు తెలిస్తే, సీలు ఏ మూలన కాస్త చిరిగినా సరే, వారంటీ అంతటితో సరి.

మామూలుగా ఇక్కడికొచ్చేసరికి కొనేవాళ్ళ మొహాలు ముడుచుకుపోతాయి. మెకానిక్ భార్య మొహం మాత్రం విప్పారింది.

"అంటే ఇంట్లోవాళ్ళు కూడా విప్పకూడదా?"

"అస్సలు విప్పకూడదండీ."

"మెకానిక్ అయినా?"

"మా కంపెనీ మనిషి కాకపోతే ఎవరైనా అంతేనండీ."

"అయితే రాసెయ్యమ్మా," అంది ఆవిడ.

మెకానిక్‌కి ఇదేం బేరమో అర్థం కాలేదు. షరతులు చూసి వారంటీ వద్దన్నవాళ్ళని చాలామందిని చూశాడు. షరతు నచ్చి వారంటీ కావాలన్న మనిషిని పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ మనిషి తన పెళ్ళామే కావడం మరీ విడ్డూరంగా ఉంది.

అతని తికమక అర్థం కావాలంటే అతనికున్న పేర్లు తెలియాలి. వీధిలో అందరూ అతన్ని 'ఇప్పుడే గారు' అంటారు. ఎవరింట్లో ఏది ఆగిపోయినా, పిలిస్తే "ఇప్పుడే వస్తున్నా" అంటాడు, అన్నట్టే చేతిసంచీ భుజాన వేసుకుని వస్తాడు. తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్ళిన రోజులున్నాయి. ఇంట్లో మాత్రం అతని పేరు 'రేపు గారు'. అది భార్య పెట్టింది. ఫ్యాను సంగతి చూడమంటే రేపు. ఇస్త్రీపెట్టె సంగతి చూడమంటే రేపు. ఫ్రిజ్ తలుపు సంగతి ఆవిడ ఎత్తకముందే రేపు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక వారంటీల విషయంలో 'ఇప్పుడే గారి' మాట వీధి మొత్తానికి శాసనం. "వాన వస్తుందో రాదో తెలీకుండా గొడుగు అద్దెకి తెచ్చుకుంటారా ఎవరైనా? పాడైతే నేను లేనూ?" అని అతను అందరికీ చెప్పేవాడు. ఆ మాట పట్టుకుని వీధిలో ఒక్కరు కూడా ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనలేదు. ఇప్పుడా మనిషే సొంత డబ్బుతో, కాదు, పెళ్ళాం డబ్బుతో గొడుగు అద్దెకి తీసుకుంటే రేపు వీధిలో తలెత్తుకోవడం ఎలా?

ఖర్మ కాకపోతే ఆ సమయానికే ఫ్రిజ్‌ల వరస వెనక నుంచి ఒక తలకాయ బయటికొచ్చింది. వీధిలో మూడో ఇంటి వ్యాన్ డ్రైవరు.

"బాబాయ్! నువ్వా! నాకూ ఇదే అంటగడుతున్నారు బాబాయ్, వారంటీ. తీసుకోమంటావా?"

"అబ్బే, శుద్ధ దండగ!" అన్నాడు మెకానిక్. అలవాటైన మాట కదా, అడగ్గానే నోట్లోంచి జారిపోయింది. పక్కకి తిరిగి చూస్తే భార్య బెల్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అద్దాల తలుపు వైపు చూస్తోంది.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కౌంటర్ అమ్మాయి తెలివైనది. "మిషన్ బిగించడానికి మా మనిషి వచ్చేలోగా ఎప్పుడు చెప్పినా రాస్తామండీ," అని ఇద్దర్నీ సాగనంపింది.

*

అసలు పాత మిషన్ ఏమైందంటే, అది పాడవలేదు. శుభ్రంగా పనిచేస్తుండగానే పంపకాలైపోయింది.

మొదట మూత దగ్గరి స్విచ్చి. అది డ్రైవరు ఇంట్లో మిషన్‌కి వెళ్ళింది. తర్వాత టైమరు. దాన్ని మేడ మీది నర్సుకి వేశాడు, ఆవిడకి ఉతికిన తెల్లకోటు లేకపోతే డ్యూటీకి వెళ్ళడం కుదరదు. పంపు మందుల కొట్టాయన ఇంటికి పోయింది. ఆఖరికి మోటారు తీసి ట్యూషన్ టీచరమ్మగారి మిషన్‌లో బిగించాడు. ప్రతిసారీ భార్యతో ఒకటే మాట: "వాళ్ళు అవసరంలో ఉన్నారే. మనదేముంది, రేపు కొత్తది తెచ్చి వేసేస్తా." తేకపోలేదు, తెచ్చాడు. తెచ్చింది ఇంట్లోకి వచ్చేలోపు దారిలో ఇంకెవరో అవసరంలో పడేవారు.

ఇందులో తప్పేముందో అతనికి ఏనాడూ తట్టలేదు. పరాయివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు, మనవాళ్ళు అర్థం చేసుకుంటారు. ఇదీ అతని న్యాయం. ఆ మిషన్ భార్య జీతంతో కొన్నదనీ, తను చేస్తున్నది అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమనీ అతనికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పగలిగిన ఒక్క మనిషీ పొద్దున్నే బస్టాండ్‌లో టికెట్ల కౌంటర్‌కి వెళ్ళి, సాయంత్రం వచ్చి, వెనక వరండాలో బకెట్ ముందు కూర్చునేది. మిషన్ డొక్కు మాత్రం ఆ వరండాలోనే ఉండేది, పాత చీపుళ్ళు దాచుకోవడానికి.

అలా పిండీ పిండీ ఆవిడ మణికట్టు వాచింది. డాక్టరు బెల్టు వేసి, "ఇంకా ఇలాగే పిండితే మంచినీళ్ళ గ్లాసు కూడా ఆ చేత్తో ఎత్తలేవమ్మా," అని చెప్పాడు. ఆ మాట విన్న రోజు మెకానిక్ నిజంగానే బాధపడ్డాడు. అన్నం సహించలేదు. "కొత్త మిషన్ కొనేద్దాం," అని ముందు అన్నది అతనే. అందుకే ఇప్పుడీ పేచీ ఎందుకొచ్చిందో అతనికి బోధపడటం లేదు.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ కూర్చున్న భార్య ఎదుట పీట వేసుకున్నాడు.

"నేనుండగా వారంటీ ఎందుకే మనకి?"

"మీరున్నారనే," అంది ఆవిడ తల ఎత్తకుండా.

"అంటే? నా పనితనం మీద నమ్మకం లేదా?"

"పనితనానికేమండీ. వీధి వీధంతా చెబుతోందిగా."

అది పొగడ్తో దెప్పో తేలలేదు. మొహం చూద్దామంటే ఆవిడ వంకాయ మీద నుంచి చూపు తిప్పలేదు. అతను లేచి, ముందు గదిలోకి, అంటే తన రిపేరు షాపులోకి వెళ్ళి, బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిది చేతి గడియారానికి కూడా వారంటీ లేకుండా కొనడు.

"బావా, వారంటీ ఉన్నన్నాళ్ళూ వస్తువు గుండ్రాయిలా ఉంటుంది," అన్నాడు బావమరిది. "అది అయిపోయిన మర్నాడే పోతుంది. నా టీవీ అలాగే పోయింది."

"అయితే తీసుకోవద్దంటావ్."

"అయ్యో, తీసుకో బావా! తీసుకోకపోతే నెల తిరక్కుండానే పోతుంది. నా మిక్సీ అలాగే పోయింది."

"దానికి వారంటీ తీసుకోలేదా?"

"తీసుకున్నాను. కాగితం ఎక్కడ పెట్టానో మర్చిపోయాను."

"ఇంతకీ ఏం చెయ్యమంటావురా?"

"అక్క ఏమంటోంది?"

"కావాలంటోంది."

"మరింకేం? నన్నెందుకు అడుగుతున్నావ్?" అని ఫోన్ పెట్టేశాడు.

మెకానిక్ ఫోన్ బల్ల మీద పెట్టి లెక్క వేశాడు. మిషన్ల లెక్క వేస్తే వారంటీ దండగ. అయిదేళ్ళలో పోయే భాగాలేవో, పోనివేవో అతనికి కంఠతా వచ్చు. పెళ్ళాం లెక్క వేస్తే మాత్రం కావాలి. ఎందుకు కావాలో ఆవిడ చెప్పదు. తన చేతి మీద నమ్మకం పోయిందనే అనుకున్నాడు. ఆ ఆలోచన గుచ్చుకుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, సరే, కానీ పెరట్లో ఉన్నావిడే ఆ మాట అంటే తట్టుకోవడం ఎలా? ఏదైతే అదవనీ, రేపు తన పనితనమేమిటో ఇంట్లోనే చూపిస్తానని నిశ్చయించుకున్నాడు.

*

ఆ 'రేపు' నిజంగానే వచ్చింది. భార్య డ్యూటీకి వెళ్ళగానే అతను షాపు మూసినట్టు ముందుగదిలోని బోర్డు తిప్పేసి, ఇంట్లో ఫ్యాను పని పట్టాడు.

ఆ ఫ్యాను రెగ్యులేటరు మీట ఊడిపోయి చాలాకాలమైంది. గోడలోంచి బయటికొచ్చిన ఇనప పుల్లని పట్టుకారుతో తిప్పుకోవాలి. పట్టుకారు అక్కడే మేకుకి వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు దాన్ని చూసి భయపడతారు. ఆవిడకి మాత్రం అలవాటే. చీకట్లో కూడా చెయ్యి నేరుగా పట్టుకారు మీదికే పోతుంది. మెకానిక్ కొత్త రెగ్యులేటరు కొనుక్కొచ్చి, తీగలు మార్చి, గోడకి బిగించి, గుండ్రటి మీట తిప్పి చూశాడు. ఫ్యాను ఒకటిలో నెమ్మదిగా, అయిదులో జోరుగా, మధ్యలో ఎక్కడ ఆపితే అక్కడ బుద్ధిగా తిరిగింది. పట్టుకారు తీసి సంచీలో పడేశాడు. భార్య వచ్చి మీట తిప్పగానే ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని, ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు కూడా.

మధ్యాహ్నం డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, అమ్మకి చలిజ్వరం. ఫ్యాను తగ్గించబోతే రెగ్యులేటరు కాలిపోయింది. వేస్తే తుపానులా తిరుగుతోంది, ఆపితే ఉక్కకి ఊపిరాడ్డం లేదంటోంది."

"ఇప్పుడే వస్తున్నా!"

ఎలక్ట్రికల్ కొట్టు మధ్యాహ్నం మూసి ఉంటుంది. సాయంత్రందాకా ముసలావిడని అలా వదిలెయ్యగలమా? చేతులు వాటంతటవే గోడ దగ్గరికి వెళ్ళాయి. విప్పాయి. తీసుకెళ్ళి డ్రైవరు ఇంట్లో బిగించాయి. ముసలావిడ దుప్పటి సర్దుకుని, "చల్లగా ఉండు నాయనా," అని దీవించింది. ఇంటికొస్తూ అతను ఎంత తృప్తిగా ఉన్నాడంటే, ఏదో మర్చిపోయిన అనుమానం ఒకటి వచ్చింది గానీ, అదేమిటో పట్టించుకోలేదు.

భార్య వచ్చింది. సంచీ పెట్టింది. చెమట తుడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి మేకు వైపు చెయ్యి చాపింది. మేకుకి పట్టుకారు లేదు. గోడకి రెగ్యులేటరు లేదు. ఇప్పుడా పుల్ల కూడా లేదు. రెండు తీగల కొనలు మాత్రం నల్ల టేపు చుట్టుకుని ఉన్నాయి.

"పొద్దున బాగుచేశానే!" అన్నాడు మెకానిక్ కంగారుగా. "ఒట్టు. అయిదు స్పీడుల్లోనూ తిరిగింది. కావాలంటే..."

"నాకు తెలుసు."

"నీకెలా తెలుసు? నువ్వు డ్యూటీలో ఉన్నావుగా?"

"బాగుపడింది కాబట్టే పోయిందండీ. పాడైన వస్తువేదీ ఈ గడప దాటి ఎప్పుడూ పోలేదు." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేదని అతనికి అనిపించింది. "నిన్న అడిగారు కదా, వారంటీ ఎందుకని. మిషన్ పాడవుతుందని కాదు నా భయం. బాగుంటుందని."

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని, విసనకర్ర దొరక్క పాత పత్రికతో విసురుకుంటూ, నెమ్మదిగా చెప్పింది.

"సాయంత్రాలు టీచరమ్మగారు మిషన్ వేస్తారు. చివర్లో తిరిగేటప్పుడు కూ... అని సన్నగా ఒక చప్పుడొస్తుంది చూడండి. అది నా మోటారు. నాకు తెలుసు ఆ చప్పుడు. ఇక్కడ వరండాలో దుప్పటి పిండుకుంటూ వింటుంటాను. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. అడిగితే నేనే ఇచ్చేదాన్నేమో కూడా. నన్నెవరైనా అడిగారా?"

మెకానిక్ జవాబు వెతికాడు. అతని దగ్గర ఉన్న జవాబులన్నీ 'రేపు'తో మొదలయ్యేవే. సిగ్గేసింది. సిగ్గుతో పాటు తికమక కూడా. ఇన్నేళ్ళుగా తను చేసింది మంచిపనే కదా, మంచిపని ఇంత చెడ్డగా ఎలా తేలింది? ఆ లెక్క తెగలేదు. తెగకుండానే షోరూంకి ఫోన్ చేసి, "ఆ వారంటీ రాసెయ్యమ్మా," అన్నాడు.

*

కంపెనీ మనిషి వచ్చి కొత్త మిషన్ వెనక వరండాలో బిగించాడు. పాత డొక్కు బయటికెళ్ళింది. చేతులు దురద పెడుతుంటే మెకానిక్ వాటిని వీపు వెనక కట్టుకుని నించున్నాడు. కంపెనీ మనిషి రేకు అంచు మీద వెండి రంగు సీలు అంటించి బొటనవేలితో రుద్దుతుంటే, భార్య దగ్గరికొచ్చి వంగి చూసింది.

వార్త వీధి చివరిదాకా వెళ్ళడానికి పూటైనా పట్టలేదు. 'ఇప్పుడే గారే' వారంటీ కొన్నారట! మందుల కొట్టాయన నవ్వాడు. నర్సు, "చేతిలో పనితనం తగ్గిందా అన్నయ్యా, కళ్ళు గానీ మసకేశాయా?" అని నిజంగానే కంగారుపడింది. డ్రైవరు మాత్రం నిలదీశాడు.

"ఏం బాబాయ్, మాకేమో దండగన్నావ్. నువ్వేమో కొనుక్కున్నావ్."

"మీ ఇంట్లో నేను లేను కదరా," అన్నాడు మెకానిక్.

డ్రైవరు బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఎదుటివాణ్ణి తికమకపెట్టడంలో కాస్త సుఖం ఉందని మెకానిక్‌కి మొదటిసారి తెలిసింది.

ఆ సుఖం ఆదివారందాకా ఉంది. ఆదివారం స్పేర్ పార్టుల కొట్లన్నీ సెలవు. బస్టాండ్‌కి మాత్రం సెలవుండదు కాబట్టి భార్య డ్యూటీకి వెళ్ళింది. మధ్యాహ్నం దాటాక టీచరమ్మగారు కర్ర తాటించుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"నాయనా, మిషన్‌లోంచి నీళ్ళు బయటికి పోవడం లేదు. ఊరెళ్ళొచ్చిన దుప్పట్లన్నీ వేసేశాను. లోపల మునిగి కూర్చున్నాయి."

"ఇప్పుడే వస్తున్నానండీ," అంది అతని నోరు.

పంపు పోయింది. చూడకుండానే చెప్పగలడు. కొత్త మిషన్‌లో ఉన్నదీ అచ్చం అలాంటి పంపే. అదీ చూడకుండానే చెప్పగలడు. టీచరమ్మగారు కర్ర తాటించుకుంటూ ఇంటిదాకా వెళ్ళేలోపు తీసేయవచ్చు. కాళ్ళు అతన్ని వెనక వరండాలోకి తీసుకెళ్ళాయి. స్క్రూడ్రైవరు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు. మిషన్ వెనక గొంతుక్కూర్చున్నాడు. ఎదురుగా సీలు.

ఇక్కడొక రహస్యం ఉంది. అలాంటి సీళ్ళు అతన్ని ఆపలేవు. తల ఆరబెట్టుకునే మిషన్‌తో కాస్త వేడిగాలి కొడితే జిగురు మెత్తబడి, సీలు చిరక్కుండా, ముడతపడకుండా ఊడొస్తుంది. పని అయ్యాక మళ్ళీ అంటించవచ్చు. కంపెనీవాళ్ళ తాతలు కూడా కనిపెట్టలేరు. భార్య కూడా కనిపెట్టలేదు. రేపు కొత్త పంపు తెచ్చి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

రేపు. ఆ మాట దగ్గర అతను ఆగిపోయాడు. అటు చూస్తే కర్రతో నడిచే ముసలి మనిషి, నీళ్ళలో మునిగిన దుప్పట్లు. ఇటు చూస్తే గోరంత కాగితం. ఏ న్యాయం ప్రకారం చూసినా కాగితం తేలికే. అయినా చెయ్యి లేవలేదు. ఎందుకు లేవలేదో అతనికి తెలియదు, ఇప్పుడడిగినా చెప్పలేడు. స్క్రూడ్రైవరు సంచీలో పడేసి, ఉత్త చేతులతో టీచరమ్మగారింటికి వెళ్ళాడు.

"పంపు పోయిందండీ. రేపు తెచ్చి వేస్తాను."

"ఏమన్నావు నాయనా?"

"రేపండీ."

టీచరమ్మగారు కళ్ళజోడు సర్దుకుని అతని మొహంలోకి చూశారు. వీధిలో ఎవరూ అతని నోట ఆ మాట విని ఎరగరు. "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు.

బాగానే ఉందని చెప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, చెంబుతో మిషన్‌లోని నీళ్ళన్నీ తోడిపోశాడు. తర్వాత దుప్పట్లు ఒక్కొక్కటే తీసి పిండటం మొదలుపెట్టాడు. మోటార్లు ఎత్తిన చేతులు కదా, ఇదెంత అనుకున్నాడు. రెండో దుప్పటికి కుడి మణికట్టు లోపల ఎక్కడో కలుక్కుమంది. మూడో దుప్పటి మెలితిప్పేసరికి నొప్పి మోచేతిదాకా పాకింది. తడి దుప్పటి చేతుల్లో పట్టుకుని, ఎదురుగా ఆగి ఉన్న మిషన్ వైపు చూశాడు. దాని కడుపులో ఆవిడ మోటారు ఉంది. ఇది రోజూ చేసిందా ఆవిడ, ఆ 'కూ' చప్పుడు వింటూ? టీచరమ్మగారు చూస్తున్నారని మొహం అటు తిప్పుకుని, మిగిలిన దుప్పట్లన్నీ పిండి, డాబా మీద ఆరేసి వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి భార్య అప్పుడే తాళం తీస్తోంది. అతని చొక్కా ముందుభాగమంతా తడి. చేతులు మోచేతులదాకా తడి. పంపు విప్పేటప్పుడు నీళ్ళు సరిగ్గా అలాగే మీద పడతాయని ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి తెలుసు.

"ఎవరింట్లో?" అంది.

"టీచరమ్మగారింట్లో. పంపు పోయింది."

ఆవిడ భుజాన ఉన్న సంచీ కూడా దించకుండా వెనక వరండాలోకి వెళ్ళింది. మిషన్‌కీ గోడకీ మధ్య ఉన్న సందులోకి వంగి, సీలు కోసం వేలితో తడుముకుంది. అక్కడ చీకటిగా ఉంది.

'నేను విప్పలేదే' అనబోయాడు మెకానిక్. అతని మాటలు ఆ ఇంట్లో ఎన్నో ఉన్నాయి, వాటి పక్కన ఇంకొకటి చేరుతుంది, అంతే. షాపులోకి వెళ్ళి టార్చి తెచ్చి, వంగి, ఆవిడ వేలు ఉన్నచోట వెలుగు పడేలా పట్టుకున్నాడు.

"చిరగలేదు," అంది ఆవిడ, ఊపిరి వదిలి.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవాలనే అనుకున్నాడు.

"సీలు చూసి నమ్మకు," అన్నాడు. "చిరక్కుండా ఊడదియ్యడం నాకొచ్చు."

ఆవిడ వేలు సీలు మీద ఆగిపోయింది. అతని వైపు తిరిగి చూసింది. టార్చి వెలుగులో ఇద్దరి మొహాలూ సగం సగమే కనిపిస్తున్నాయి.

"నీళ్ళు పట్టి వేసి చూడు," అన్నాడు. "పంపు లేకపోతే నీళ్ళు పోవు."

ఆవిడ లేచి కుళాయి తిప్పింది. మిషన్‌లోకి కాసిని నీళ్ళు పట్టి, బటన్ నొక్కింది. మూత మీద బెల్టు కట్టిన అరచెయ్యి ఆనించి నిలబడింది. లోపల ఏదో సర్దుకున్నట్టు చప్పుడైంది. ఒక క్షణం ఏమీ లేదు. ఆ క్షణంలో, పంపు తను తియ్యలేదని తెలిసి కూడా, మెకానిక్‌కి తన మీద తనకే అనుమానం వచ్చింది. తర్వాత గొట్టంలోంచి నీళ్ళు బుడబుడమంటూ తూములోకి పోయాయి.

ఆఖరి చుక్కదాకా ఆవిడ చూస్తూనే ఉంది. మూత మీద నుంచి చెయ్యి తీసి, అతని వైపు చాపింది.

"ఆ చొక్కా ఇలా ఇవ్వండి. తడిసి ముద్దయింది. ఎలాగూ మిషన్ వేశాను కదా, దీన్నీ వేసేస్తాను."